వైజాగ్ ఇంట్లో రెడ్ వైన్ రుచి చూడటం ఎలా, మన వంటల్లో దేనితో జత చేయాలి

"రెడ్ వైన్ కొన్నాం, నోరంతా వగరుగా పట్టేసింది. సీసా పాడైందా?" "మన కారానికి వైన్ ఆగుతుందా, లేకపోతే దానికోసం పాస్తా వండుకోవాలా?" "రెడ్ వైన్ చల్లగా తాగకూడదంటారు, మరి మన ఊరి ఎండల్లో ఎలా?" ఈ మూడు ప్రశ్నలే మాటలు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆంధ్ర భోజనం రెడ్ వైన్‌కి పడదన్న మాట సరైంది కాదు. మన ఇళ్ళలో వైన్ రుచిని చెడగొట్టేవి మూడే: వెచ్చగా ఉన్న సీసా, ఎండుమిర్చి కారం, చింతపండు పులుసు. ఈ మూడింటినీ అదుపులో పెడితే వేపుళ్ళు, ఇగుర్లు, కాల్చిన మాంసం రెడ్ వైన్‌తో ఎంత బాగా కలుస్తాయో మీకే తెలుస్తుంది.

ఇది 21 ఏళ్ళు నిండినవాళ్ళకు మాత్రమే. మన రాష్ట్రంలో చట్టం చెప్పిన వయసు అదే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, లివర్ సమస్య ఉన్నవాళ్ళు, షుగరుకో నిద్రకో మందులు వాడుతున్నవాళ్ళు, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయోటిక్ కోర్సులో ఉన్నవాళ్ళు దీని జోలికి రావద్దు. తాగే అలవాటు లేనివాళ్ళు ఇందుకోసం మొదలుపెట్టనక్కర్లేదు. మద్యం ఎంత తక్కువ తాగితే ఆరోగ్యానికి అంత మంచిది. అందుకే ఇక్కడ చెప్పే కొలతలన్నీ చిన్నవి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. కాబట్టి రుచి చూశాక బీచ్ రోడ్డు మీద ఒక రౌండ్ అనే ఆలోచన పెట్టుకోవద్దు. ఆర్‌కే బీచ్, రుషికొండ లాంటి బహిరంగ ప్రదేశాల్లో తాగడం కూడా కుదరదు. ఇంట్లోనే కూర్చోండి.

ఏ సీసా కొనాలి

మన దేశంలో తయారయ్యే రెడ్ వైన్‌లో పెద్ద వాటా మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతానిది. బెంగళూరు దగ్గర నంది కొండల చుట్టూ, సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర కూడా మంచి తోటలున్నాయి. హంపి కొండల దగ్గర కృష్ణప్రసాద్, ఉమా చిగురుపాటి అనే తెలుగు దంపతులు పెంచిన తోట నుంచి కూడా మంచి రెడ్ వైన్‌లు వస్తున్నాయి. విశాఖ షాపుల్లో అన్ని లేబుళ్ళూ ఎప్పుడూ దొరకవు. అందుకని కంపెనీ పేరు కన్నా ద్రాక్ష రకం పేరు గుర్తుపెట్టుకుని వెళ్ళండి.

మొదటిసారి అయితే షిరాజ్ తీసుకోండి. నల్లటి పళ్ళ వాసన, వెనకాల మిరియాల ఘాటు ఉంటాయి. మిరియాలకు ఆ ఘాటైన వాసన ఇచ్చే పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది. మన మాంసం వంటల్లో మిరియాలకు ఎలాగూ చోటుంది కాబట్టి జత తేలిగ్గా కుదురుతుంది. నాసిక్‌లోని సులా కంపెనీ వాళ్ళ దిండోరి రిజర్వ్ షిరాజ్ ఈ కోవలోదే. నంది కొండల నుంచి వచ్చే గ్రోవర్ లా రిజర్వ్‌లో షిరాజ్‌తో పాటు కాబెర్నే సావిన్యో అనే ఇంకో ద్రాక్ష కలుస్తుంది. ఒంటి కాబెర్నేలో వగరు బాగా ఎక్కువ, కొత్తవాళ్ళు దానితో మొదలుపెడితే బెదిరిపోతారు. గోంగూర, టమాటా వంటలే మీ ఇంట్లో ఎక్కువైతే సాంజియోవేజీ వెతకండి. అది ఇటలీ రకం, పులుపు ఎక్కువ. ఫ్రాటెల్లీ కంపెనీ వాళ్ళు అక్లూజ్‌లో పండిస్తున్నారు. మెర్లో అనే రకం మెత్తగా ఉంటుంది, ఏ పేచీ పెట్టదు.

సీసా చేతికి తీసుకున్నాక ఇవి చూడండి.

లేబుల్ మీద సంవత్సరం చూడండి. నాసిక్‌లో ద్రాక్ష కోత సాధారణంగా జనవరి నుంచి మార్చి మధ్య జరుగుతుంది. అంటే 2024 అని ఉంటే ఆ ఏడు మొదట్లో కోసిన పండు అన్నమాట. మామూలు ధర సీసా అయితే మూడేళ్ళ లోపుది తీసుకోండి. ఎంత పాతదైతే అంత గొప్ప అనే నమ్మకం అన్ని వైన్‌లకూ చెల్లదు. ముఖ్యంగా మన వేడిలో షాపు అరల్లో నిలబడ్డ సీసాలకు అసలు చెల్లదు.

షోకేసులో ఎండ తగిలే చోట, లైటు కింద ఉన్న సీసా వద్దు. లోపలి పెట్టెలోంచి తీసి ఇవ్వమని అడగండి. బిరడా పైకి ఉబ్బినా, మూత చుట్టూ జిగురు కారినట్టున్నా ఆ సీసా వేడి తిన్నదని గుర్తు, వదిలేయండి.

పోర్ట్ వైన్ అని రాసి ఉన్నది తీసుకుంటున్నారేమో చూసుకోండి. చాలామంది ఇళ్ళలో రెడ్ వైన్ అంటే తియ్యగా ఉంటుందనే అంచనా దాని నుంచే వచ్చింది. మన దగ్గర పోర్ట్ పేరుతో అమ్మేవి తీపి వైన్‌లు. భోజనంతో జత చేయడానికి ఈ పద్ధతి వాటికి పనిచేయదు. మనకు కావలసింది తీపి లేని రకం, దాన్నే డ్రై అంటారు.

కావలసినవి

ఒక 750 మిల్లీలీటర్ల సీసా. నలుగురైదుగురికి చాలు.
ఒక్కొక్కరికి ఒక గాజు గ్లాసు. అడుగు వెడల్పుగా, అంచు కాస్త ముడుచుకుని, కాడతో ఉంటే మంచిది. లేకపోతే పలచటి గాజు టంబ్లర్ చాలు. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనబడదు. ప్లాస్టిక్ కప్పు అసలు వద్దు.
ఐసు ముక్కలు, సీసా మెడ దాకా మునిగే గిన్నె లేదా చిన్న బకెట్.
తెల్ల కాగితం, పెన్ను, నోట్‌బుక్.
ఉమ్మడానికి ఒక గిన్నె.
మంచినీళ్ళు, ఉప్పు వేయని మరమరాలు. మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి మరమరాలను మించింది లేదు.
పాలు, పంచదార వేయని చిక్కటి టీ అర కప్పు, చల్లారినది. నిమ్మరసం పిండిన నీళ్ళు అర కప్పు.
రుచుల పళ్ళెం: ఉప్పు వేరుశనగ పలుకులు, నిమ్మరసం చల్లిన కీరా ముక్కలు, ఎండుమిర్చి కారప్పొడి కలిపిన అన్నం ముద్ద, నెయ్యిలో వేయించిన పనీర్ ముక్కలు, అనకాపల్లి బెల్లం ముక్క.
తరవాత తినడానికి ఒక అసలు వంట. దాని సంగతి 8వ మెట్టులో చెప్తాను.

ఎలా చేయాలి

1. గదిని, నోటిని సిద్ధం చేసుకోండి. పోపు ఘాటు, అగరుబత్తి పొగ, దోమల మందు, ఒంటిమీద సెంటు, తలలో మల్లెపూలు ఇవన్నీ వైన్ వాసనను మింగేస్తాయి. వంట ముందే ముగించి, కిటికీలు ఓ అరగంట తెరిచి ఉంచండి. గంట ముందు నుంచి కాఫీ, కిళ్ళీ, సిగరెట్టు వద్దు. పళ్ళు తోముకున్న వెంటనే కూర్చోవద్దు, పేస్టు రుచి వైన్‌ని చేదు చేస్తుంది. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు, ముందు రెండు ఇడ్లీలో ఒక చపాతీయో తినండి.

గ్లాసులు వాసన చూడండి. గిన్నెల సబ్బు వాసన, చెక్క బీరువా వాసన పట్టి ఉంటాయి. వేణ్ణీళ్ళతో కడిగి, ఉతికిన నూలు గుడ్డతో తుడవండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు, ఆ తరవాత "వైన్‌లో ఏదో సబ్బు వాసన" అని రాస్తారు.

2. నాలుకకు పరిచయం చేయండి. చల్లారిన టీ ఒక గుక్క నోట్లో తిప్పండి. చిగుళ్ళు, బుగ్గల లోపలి వైపు పొడిబారి పట్టేసినట్టు అనిపిస్తుంది. అది వగరు. తరవాత మరమరాలు నమిలి నీళ్ళు తాగి, నిమ్మనీళ్ళు ఒక గుక్క తీసుకోండి. నాలుక పక్కల నుంచి నీళ్ళూరతాయి. అది పులుపు. ఒకటి నోటిని ఆర్పేస్తుంది, ఇంకొకటి ఊరిస్తుంది. వైన్‌లో ఈ రెండూ కలిసి వస్తాయి. విడదీయడం రాకపోతే జత కుదర్చడమూ రాదు. అందుకే రెండు నిమిషాలు దీనికి కేటాయించండి. "వగరుగా ఉంది, పాడైందా" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే: వగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. రెడ్ వైన్‌లో అది ఉండాల్సిందే.

3. సీసాను చల్లబరచండి. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలి అన్న నియమం చలి దేశాల గదుల నుంచి వచ్చింది. వైజాగ్‌లో మే నెల గది 32, 33 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కులోకి గుప్పున కొడుతుంది, పండు వాసన దాని వెనక దాక్కుంటుంది. మనకు కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు.

తొందరగా కావాలంటే: గిన్నెలో సగం ఐసు, సగం నీళ్ళు పోసి సీసాను పావుగంట ఉంచండి. ఉత్త ఐసులో పెడితే ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, నీళ్ళు తప్పకుండా ఉండాలి.
తీరిక ఉంటే: ఫ్రిజ్‌లో గంటన్నర.
రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే: తాగడానికి ముప్పావుగంట ముందు బయట పెట్టండి.

థర్మామీటర్ లేకపోతే సీసా మెడ కింద చెయ్యి పెట్టి చూడండి. కొత్త కుండలో నీళ్ళంత చల్లగా ఉంటే సరిపోయింది. చెయ్యి జివ్వుమంటే ఎక్కువైంది. మరీ చల్లబడితే వగరు, చేదు పైకి తేలతాయి, అప్పుడు గ్లాసును రెండు అరచేతుల మధ్య ఐదు నిమిషాలు పట్టుకోండి. మన గాలిలో తేమకు సీసా బయట నీళ్ళు కారుతుంది, తుడవకపోతే చేతిలోంచి జారుతుంది. గ్లాసులో ఐసు ముక్కలు వేయవద్దు. రుచి పలచబడ్డాక ఇక చూడటానికి ఏమీ మిగలదు.

చల్లదనం అంత తేడా చేస్తుందా అనుకునేవాళ్ళు ఒక పరీక్ష చేయండి. ఒక గ్లాసులో కొంచెం వైన్ పోసి అరగంట బయట వదిలేయండి. తరవాత చల్లటి సీసాలోంచి ఇంకో గ్లాసులో పోయండి. కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా ఒకదాని తరవాత ఒకటి ఇమ్మనండి. ఏది నచ్చిందో మీరే చెప్పగలుగుతారు.

4. మూత తీయండి. మన వైన్‌లలో చాలావాటికి తిప్పే మూతలే ఉంటాయి, అది నాసిరకానికి గుర్తు కాదు. బిరడా ఉంటే స్క్రూను నిటారుగా దింపి మెల్లగా లాగండి. బిరడా విరిగి లోపల పడితే టెన్షన్ పడొద్దు, టీ వడపోత గుడ్డతోనో జల్లెడతోనో శుభ్రమైన జగ్గులోకి వడకట్టండి, వైన్‌కి ఏమీ కాదు. ఓపెనర్ లేదని కత్తితో పొడవడం, సీసాను గోడకేసి కొట్టడం చేయకండి. చేతులు తెగుతాయి.

5. చూడండి. గ్లాసులో 50 మిల్లీలీటర్లు, అంటే అడుగున రెండు వేళ్ళ మందం కన్నా తక్కువ పోయండి. తెల్ల కాగితం మీదకు వంచి అంచు రంగు చూడండి. ఊదా రంగో నేరేడు రంగో ఉంటే వయసు తక్కువ. ఇటుక రంగులోకి తిరిగితే పాతబడింది. రెండేళ్ళ నాటి సీసా గోధుమ రంగులో ఉంటే అనుమానించాలి. అడుగున మడ్డి కనబడితే భయపడక్కర్లేదు, దాన్ని గ్లాసులోకి రానివ్వకుండా వంచుకోండి. గోడల వెంట దిగే చారలను చూసి వైన్ గొప్పదని చెప్తుంటారు. అవి నాణ్యత గురించి ఏమీ చెప్పవు, వాటి మీద సమయం పెట్టకండి.

6. వాసన చూడండి. మొదట గ్లాసు కదపకుండా ఒకసారి. తరవాత బల్ల మీదే ఉంచి కాడ పట్టుకుని గుండ్రంగా తిప్పి ఇంకోసారి. పొడవుగా పీల్చకండి, చిన్నచిన్నగా రెండు మూడు సార్లు పీల్చండి. స్ట్రాబెర్రీ, బ్లాక్ కరెంట్ అని పుస్తకాల్లో రాసే పేర్లు మీకు తట్టకపోతే నష్టం లేదు. మీకు తెలిసిన పేర్లే రాయండి: నేరేడు, ఎండు ద్రాక్ష, రేగుపండు, మిరియం, లవంగం, వాన పడ్డ మట్టి, చుట్ట పొగాకు, కొబ్బరి పీచు. ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన వైన్‌లో వెనిలా, లవంగం లాంటి వాసనలు తేలిగ్గా దొరుకుతాయి.

పాడైన సీసా ఇక్కడే బయటపడుతుంది. తడిసి ముగ్గిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా దోషం. వెనిగర్‌లా ముక్కును పొడిస్తే పులిసిపోయింది. పండు బదులు ఉడికించిన జామ్ వాసన, రుచిలో చప్పదనం ఉంటే వేడికి ఉడికిపోయింది. మన షాపుల్లో ఎక్కువగా తగిలేది ఈ మూడోదే. అగ్గిపుల్ల వాసన కొద్దిగా ఉంటే మాత్రం తొందరపడకండి, పది నిమిషాలు గ్లాసులో తిప్పితే పోతుంది.

7. రుచి చూడండి. చెంచాడంత గుక్క తీసుకుని వెంటనే మింగకుండా ఐదారు సెకన్లు నోరంతా తిప్పండి. పెదాలు కాస్త తెరిచి లోపలికి గాలి పీలిస్తే వాసన ముక్కు వెనక నుంచి అందుతుంది. మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోవద్దు, నోరు అలవాటు పడటానికే అది సరిపోతుంది. రెండో గుక్కలో నాలుగు విషయాలు చూసుకోండి: నీళ్ళూరడం ఎంత, చిగుళ్ళు పట్టేయడం ఎంత, గొంతులో వేడి ఎంత, మింగాక లేదా ఉమ్మాక రుచి ఎంతసేపు నిలిచింది. ఐదులో ఎన్ని మార్కులో పక్కన వేయండి.

ఉమ్మడానికి మొహమాటపడకండి. వృత్తిగా రుచి చూసేవాళ్ళు సాధారణంగా ఉమ్ముతారు. నాలుగైదు వంటలతో జత చూడాలంటే నాలుక చురుగ్గా ఉండాలి, మత్తులో ఎవరికీ తేడాలు తెలియవు.

8. ఐదు ముద్దల పరీక్ష, ఆ తరవాత అసలు వంట. ఒక్కో రుచికీ వరస ఒకటే: వైన్ ఒక గుక్క, తిండి ఒక ముద్ద, మళ్ళీ వైన్ ఒక గుక్క. తిండి తరవాతి ఆ గుక్కే జవాబు చెప్తుంది. ప్రతి రుచి తరవాత మరమరాలు, నీళ్ళు.

ఉప్పు వేరుశనగతో వగరు మెత్తబడుతుంది, పండు రుచి పైకొస్తుంది. నెయ్యి పనీర్‌తో ఇంకా మెత్తబడుతుంది, ఎందుకంటే వగరు పాలలోని ప్రొటీన్‌ను పట్టుకుని మీ చిగుళ్ళను వదిలేస్తుంది. నిమ్మ కీరా తరవాత వైన్ చప్పబడుతుంది, ఇందాకటి పులుపు ఎక్కడికి పోయిందో అనిపిస్తుంది. బెల్లం తరవాత తాగితే వైన్ పుల్లగా, చేదుగా, పీల్చి వదిలేసిన పండులా ఉంటుంది. కారం ముద్ద తరవాత నోరు భగ్గుమంటుంది, ఆల్కహాల్ మిరపకాయ మంటను ఇంకా పెంచుతుంది. కారం ముద్దను చివరికే ఉంచండి. ముందు తింటే మిగతా నాలుగూ తెలియవు.

ఈ ఐదూ చేసినవాళ్ళకు ఇక ఏ వంటతో ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు, వాళ్ళే ఊహిస్తారు. అయినా మన ఊరి వంటల మీద నా లెక్క ఇది.

మటన్ మిరియాల వేపుడు నా మొదటి ఓటు. అరకిలో మటన్‌ను ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో మెత్తగా ఉడికించి, రెండు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి అందులో వేసి, నీరు ఇగిరాక రెండు చెంచాల కచ్చాపచ్చా దంచిన మిరియాలు, కరివేపాకు, చెంచా నెయ్యి వేసి దించండి. ఎండు కారం వద్దు, దించాక నిమ్మకాయ పిండొద్దు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకే తీగల మిరియాలు దొరికితే అవే వాడండి. షిరాజ్‌తో ఈ వేపుడు తిన్నప్పుడు రెండింటి ఘాటూ ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది.

అరకు బొంగు చికెన్ కూడా బాగా కుదురుతుంది. నూనె లేకుండా వెదురులో కాలిన మాంసం, పొగ వాసన, లోపలి తడి. వగరు తక్కువ ఉన్న మెర్లో లాంటిది దీనికి సరిపోతుంది. అమ్మేచోట కారం తగ్గించమని ముందే చెప్పండి, మసాలా పట్టించాక తగ్గించడం కుదరదు. చల్లారిందాన్ని మళ్ళీ నూనెలో వేయించవద్దు, పొగ వాసన పోతుంది.

గోంగూర మటన్‌కి షిరాజ్ నిలబడదు, సాంజియోవేజీ కావాలి. గోంగూర పులుపు వైన్ పులుపును మించకూడదు. ఆకు సగానికి తగ్గించి ఉల్లిపాయ పెంచండి. అయినా తిండి తరవాతి గుక్క చప్పగా ఉంటే ఆకు ఎక్కువైనట్టే.

శాకాహారులు తమకేమీ లేదని అనుకోవద్దు. నువ్వులు, వేరుశనగ నూరి కూరిన గుత్తి వంకాయ రెడ్ వైన్‌తో మాంసం కూరకు ఏమాత్రం తీసిపోదు. చింతపండు గుజ్జు మాత్రం తగ్గించాలి. పుట్టగొడుగుల వేపుడు, పనసకాయ వేపుడు, ఉల్లి పకోడీ కూడా సరే. పకోడీలో పచ్చిమిర్చి బదులు మిరియాలు వేయండి.

చేపల దగ్గరే అందరూ తప్పు చేసేది. ఫిషింగ్ హార్బర్ నుంచి తాజా కోనం తెచ్చి, కారం పట్టించి వేయించి రెడ్ వైన్‌తో తింటే నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి వస్తుంది. రెడ్ వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిసి చేసే పని అది. చేప తాజాది కాదని మీ చేపలావిడ మీద కోప్పడకండి. కోనం, చందువ, పీతలకు వైట్ వైనే తీసుకోండి. రెడ్ వైనే ఉంటే ట్యూనా ప్రయత్నించవచ్చు. మందపాటి ముక్కకు ఉప్పు, మిరియాలు అద్ది పెనం మీద రెండు వైపులా వేయించి, బాగా చల్లబరచిన తేలిక రెడ్‌తో తినండి. ఇనుము రుచి తగిలితే అక్కడితో ఆపి, చేపను చేపగా, వైన్‌ను విడిగా తీసుకోండి.

బిర్యానీ అయితే షేర్వా, పెరుగు చట్నీ పక్కన పెట్టి ఉత్త బిర్యానీతో చూడండి. చేపల పులుసు, చారు, ఆవకాయ, నిమ్మకాయ పచ్చడి, నిమ్మరసం పిండిన ముంత మసాలా, మిరపకాయ బజ్జీ, పెరుగన్నం: వీటితో రెడ్ వైన్ వద్దు. మాడుగుల హల్వా, కాజాలు కూడా వద్దు, బెల్లం ముక్కతో ఏమైందో గుర్తు చేసుకోండి. డార్క్ చాక్లెట్ బాగుంటుందని చాలామంది చెప్తారు. తీపి లేని రెడ్ వైన్‌తో నాకైతే చేదు మీద చేదు తప్ప ఏమీ కనబడలేదు.

భోజనం వరస కూడా ఆలోచించండి. మనం పప్పుతో మొదలుపెట్టి కూర, పులుసు, చారు, పెరుగు అని వెళ్తాం. వైన్‌ని భోజనమంతా లాగకండి. వేపుడుతో, రొట్టెతో విడిగా కూర్చుని తాగి, గ్లాసులు తీసేశాక అన్నంలోకి రండి.

9. జత కుదిరిందో లేదో తేల్చండి. తిండి తరవాతి గుక్కలో ఇవి గమనించండి. చిగుళ్ళ వగరు తగ్గి పండు వాసన ఇంకా అందుతుంటే కుదిరింది. వైన్ నీళ్ళలా ఉంటే వంటలో పులుపో మసాలానో ఎక్కువైంది. వైన్ చేదెక్కితే తీపి ఎక్కువైంది. గొంతు మండితే కారం. వంట రుచే తెలియకుండా వైన్ ఒక్కటే మిగిలితే ఆ వంటకు అది మరీ బరువైన వైన్, మెర్లో లాంటి తేలిక రకానికి మారండి.

కుదరకపోతే ఒకేసారి అన్నీ మార్చకండి. ఒక్కటే మార్చండి, ఈ వరసలో: ముందు సీసా చల్లదనం, తరవాత ఉప్పు ఒక చిటికెడు, తరవాత చెంచా నెయ్యి. ఎక్కువసార్లు మొదటిదాంతోనే సరిపోతుంది. కారం ఎక్కువైన వంటను మాత్రం నెయ్యి, పెరుగు పోసి రక్షించే పని పెట్టుకోవద్దు, ఆ వంటను వైన్ లేకుండా తినండి. నలుగురు కూర్చుంటే రాసుకోవడం అయ్యేదాకా ఎవరి మాటా బయటికి రాకూడదు. మొదట ఎవరైనా "నేరేడు" అంటే ఇక అందరికీ నేరేడే తగులుతుంది.

10. మిగిలింది దాచండి. మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. రెండు మూడు రోజులు తాగేలా ఉంటుంది. మన వేడిలో బల్ల మీద వదిలేస్తే మర్నాటికే పులుపు తిరుగుతుంది. సగానికి పైగా మిగిలితే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చిన్న గాజు సీసాలోకి మెడ దాకా నింపి మూత పెట్టండి, గాలి తగ్గిన కొద్దీ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇంట్లో పిల్లలుంటే సీసా మీద పేరు రాసి పై అరలో, చేతికందని చోట పెట్టండి.

నాలుగో రోజుకు వాసన వాడిపోతే మటన్ ఉడికేటప్పుడు అర గ్లాసు పోసి, మూత తీసి సగానికి సగం ఇగిరేదాకా మరిగించండి. అలా చేసినా ఆల్కహాల్ పూర్తిగా పోదు, కాబట్టి ఆ కూర పిల్లలకూ తాగనివాళ్ళకూ వడ్డించకండి. వెనిగర్ వాసన వచ్చేసిన వైన్‌ను మాత్రం కూరలో పోయవద్దు, మరిగిస్తే ఆ పులుపు ఇంకా చిక్కబడుతుంది.